ఎవరి చేతి నుంచి

“ఈ కాగితాలు నీకెవరిచ్చారు నాయనమ్మా? ఆ ఒక్క ముక్క చెప్పు చాలు.”

మనవరాలు అడగడం ఇది మూడోసారి. నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. తొంభై దాటినా ముసలావిడ మొండితనానికి మాత్రం వయసు మళ్ళలేదు.

మనవరాలు లైబ్రేరియన్. అమ్మా నాన్నా పోయాక నాయనమ్మ తప్ప నా అన్నవాళ్ళు లేక, ఈ ఇంటి రేకుపెట్టెలోని నలభై కాగితాలనే నమ్ముకుంది. ఏడాదిపాటు వాటికి పసిపిల్లలకి చేసినట్టు చేసింది. ఎవరో అంటించిన టేపు ఓపిగ్గా ఊడదీసి, మడతలు సరిచేసి, దేని కవరు దానికి తొడిగింది. రాసిందెవరు, ఎప్పుడు, దొరికిందెక్కడ, అన్నీ పుస్తకంలోకి ఎక్కించింది. ‘ఎవరి చేతి నుంచి’ అన్న గడి ఒక్కటే ఖాళీ. అది నిండకపోతే మిగతాదంతా గాలికబురే అంటుంది.

కాగితాల ప్రకారం, గడియారాలు బాగుచేసే ముత్తాతకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడి పేరు అంతటా ఉంది. రెండోవాణ్ణి మాత్రం ఉత్తరాల్లో ‘చిన్నోడు’ అనే రాశారు. తాత పేరు ఎక్కడా కనబడకపోయేసరికి, ఆ చిన్నోడే తన తాత అని తేల్చేసింది. గోరంత ఆధారానికి కొండంత ఆశ మరి.

పెద్దకోడలి పుట్టింటి చిరునామా పట్టుకుని వెతగ్గా వెతగ్గా, ఆ పెద్దవాడి కొడుకు దొరికాడు. అరవై దాటిన పెద్దమనిషి ఫోన్లోనే ఏడ్చేశాడు. ఊళ్ళో గొడవలు జరిగిన ఏడాది తండ్రి పోయాడట. తల్లి తనని చంకనేసుకుని ఊరు దాటిందట. నాన్న చేతిరాత ఒక్కసారి చూస్తే చాలన్నాడు.

“మన ఇల్లు మనవాళ్ళ చేతుల్లోనే ఉందన్నమాట. అంతే చాలమ్మా.”

ముప్పై ఆరేళ్ళకి మొదటిసారి ఒక మనిషిని ‘పెదనాన్నా’ అని పిలిచి, ఆమె కూడా ఏడ్చింది. ఆయన ఇవాళ పదిగంటల బండికి వస్తున్నాడు.

ఆ సంగతి విన్నప్పటినుంచి నాయనమ్మ అన్నం ముట్టలేదు. రావద్దని చెప్పెయ్యమని ఒకటే గోల. అన్నదమ్ముల పాత తగాదా ఏదో ఉండుంటుందనుకుంది మనవరాలు. మనుషులే పోయాక పగలెందుకని నచ్చజెప్పింది. ఆవిడ వింటేగా.

“అంత గిట్టనివాళ్ళయితే, ఇన్నేళ్ళు కలరా ఉండలు వేసి మరీ ఎందుకు దాచావు?”

“తగలబెట్టెయ్యమన్నాడు మీ తాత. నాకే చేతులు రాలేదు.”

బెల్లు మోగింది. మనవరాలు నవ్వుముఖంతో లేవబోయింది. నాయనమ్మ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“మనం వాళ్ళకి ఏమీ కామే తల్లీ. నీ పుస్తకంలో రాసుకో.”

మనవరాలికి ఏమీ అర్థం కాలేదు. బెల్లు మళ్ళీ మోగింది.

“ఆయన తండ్రిని చంపి మీ తాత లాక్కున్న ఇల్లిది.”