తమ్ముడికి వానంటే భయం

“రెక్క ఊగుతుందని చూస్తున్నవా తమ్మీ? ఊగనియ్యి. ఊగకపోతేనే భయపడాలె.”

కిటికీ పక్కన కూర్చున్న ధనుంజయ్ తల తిప్పాడు. మాట్లాడింది పక్క సీటాయన, యాభై దాటిన మనిషి. మస్కట్‌లో విమానం ఎక్కగానే తన పేరు సారయ్య అనీ, ఊరు మేడిపల్లి అనీ, ఇది తనకు పదిహేనో ప్రయాణమనీ అడగకుండానే చెప్పేశాడు. ఇంకో గంటలో హైదరాబాద్. బయట మబ్బు తప్ప ఏమీ కనిపించడం లేదు. అద్దం మీద చినుకులు అడ్డంగా పరుగెడుతున్నాయి.

“మస్కట్‌కు పోకముందు నేను కల్లుకు తాళ్లు గీసిన,” అన్నాడు సారయ్య. “చెట్టు గాలికి ఊగుతది. ఊగుతది గాబట్టే ఇరగది. రెక్క గూడ గంతే. వానల తాటిచెట్టెక్కుడు భయం గని, విమానం ఎక్కుడు భయం గాదు.”

“నాకు భయం లేదన్నా.”

నిజమే, భయం లేదు. ఇంటికి పోతున్నానన్న సంబరమూ లేదు. తమ్ముడి కాగితాల కోసం పన్నెండు రోజులు ఈ ఆఫీసుకూ ఆ ఆఫీసుకూ తిరిగి తిరిగి ధనుంజయ్ మొద్దుబారిపోయాడు. ముందు పెట్టిన అన్నం చల్లారిపోయింది, రేకు మూత కూడా తీయలేదు.

“మరి గంటసేపటి సంది గట్ల ఏం జూస్తున్నవ్?”

“మా తమ్మునికి భయం.”

“తమ్ముడెక్కడున్నడు?”

“గీ విమానంలనే ఉన్నడు. వేరే తాన ఇచ్చిండ్రు.”

సారయ్య నొచ్చుకున్నాడు. “ముందుగాల చెప్తే నేను లేస్తుంటి గద. అడగకపోయినవా?”

“అడిగిన. కుదరదన్నరు.”

వీరేందర్ భయం ఇంటిల్లిపాదికీ తెలిసిందే. నాలుగేళ్ల కింద అన్నదమ్ములిద్దరూ మొదటిసారి మస్కట్ పోయినప్పుడు ఇలాంటి వానే. ఆ మూడున్నర గంటలూ వాడు అన్న చెయ్యి వదల్లేదు. గోళ్ల గుర్తులు వారం దాకా ఉన్నాయి. ఆ తర్వాత సెలవు ఎప్పుడు దొరికినా చలికాలం దాకా ఆగేవాడు. పుట్టినకాడి నుంచి సాంచా మగ్గాల చప్పుడులో బట్ట నేసినోడివి, విమానం చప్పుడు నీకో లెక్కారా అని సొంతూరు తంగళ్ళపల్లిలో అందరూ ఆట పట్టిస్తే నవ్వి ఊరుకునేవాడు.

పొద్దున విమానం ఎక్కబోయే ముందు వీరేందర్ భార్య భాగ్య ఫోన్ చేసింది.

“ఇక్కడ వాన దంచి కొడుతుంది బావా. ఆయనకు వానల విమానమంటే ఎంత భయమో మీకు తెలుసు. జెర పక్కకే కూసోండ్రి.”

“కూసుంట,” అన్నాడు ధనుంజయ్. అన్నాడు గానీ ఆ ఒక్క మాట నిలబెట్టుకోలేకపోయాడు. అన్నీ మొద్దుబారినా అదొక్కటి మాత్రం లోపల గుచ్చుతూనే ఉంది.

విమానం ఉన్నట్టుండి జారినట్టయింది. వెనకెవరో రాజన్న దేవుణ్ణి తలచుకున్నారు. ధనుంజయ్ రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించాడు.

“ఏం గాదు,” అన్నాడు సారయ్య. “కోరుట్లకెల్లి మేడిపల్లి దాంక బస్సుల నేను గింతకంటె ఎక్కువ ఎగిరిన. వాన నీళ్లకు ఇంజన్ ఆగిపోదు, గది చూసుకునే తయారు చేస్తరు. ముందటి మబ్బు పైలట్లకు మిషన్ల కనవడతది. మరీ చెడ్డగుంటే చుట్టు తిరిగి పోతరు. మనం బెల్టు పెట్టుకుంటే చాలు. తమ్ముడు పెట్టుకున్నడా?”

“గట్టిగనే కట్టిండ్రు.”

“ఇంకేంది మరి.”

“గివన్ని వానికి చెప్పాలె అన్నా.”

“నేను చెప్పొస్త ఉండు. ఏ రంగు అంగీ?”

“తెల్లది.”

బెల్టు లైటు ఆరగానే సారయ్య లేచాడు. అటు చివరి దాకా, ఇటు చివరి దాకా తిరిగి వచ్చి కూలబడ్డాడు.

“నాకు దొరకలే. తెల్లంగీలోల్లు నలుగురున్నరు గని ఎవ్వలు భయపడ్తలేరు. పండుకున్నడేమో.”

“పండుకున్నడు.”

“కుదుపులల్ల గూడ నిద్రవట్టిందంటే భయం పోయినట్టే.”

“గంతేనా అన్నా?”

“గంతే.”

చక్రాలు నేలను తాకినప్పుడు నీళ్లు కిటికీల దాకా ఎగిరాయి. సారయ్య చెప్పినట్టే ఏమీ కాలేదు.

సామాన్ల బెల్టు మీద తన అట్టపెట్టెను సారయ్య అంత దూరం నుంచే పట్టేశాడు. చుట్టూ నైలాన్ తాడు, నాలుగు వైపులా నల్ల మార్కర్‌తో పేరు, ఊరు, మండలం, జిల్లా, ఫోన్ నంబరు. గల్ఫ్ నుంచి వచ్చే మనవాళ్ల పెట్టె ఏదైనా ఇంతే, ఇంటి చిరునామా మొత్తం మోసుకొస్తుంది.

“పేరు రాయకుంటే ఎవలన్న కొంచవోతరు. మీ పెట్టె మీద రాసిండ్రా?”

“రాసిండ్రు. అది ఇక్కడికి రాదన్నా. పెద్దది. అవతలి గేటుకు వస్తదట.”

“టీవీ కొన్నట్టున్నవ్,” సారయ్య నవ్వాడు. “తమ్ముడేడి? దిగలేదా?”

“దిగిండు. ఆడికే వస్తడు.”

“చెప్పు మరి వానికి, వానకేం గాదని.”

“చెప్త.”

అవతలి గేటు దగ్గర రేకుల కింద సిరిసిల్ల నుంచి వచ్చిన వ్యాన్ ఆగి ఉంది. డ్రైవర్ సాగర్ గొడుగుతో ఎదురొచ్చాడు. ధనుంజయ్ నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టాక కూలీలు పెద్ద పెట్టెను బండి మీద తోసుకుంటూ తెచ్చారు. రేకుల అంచు నుంచి కారే నీళ్లు దాని మీద పడుతున్నాయి. ధనుంజయ్ గొడుగు అందుకుని పెట్టెకు పట్టాడు, తాను తడుస్తూ నిలబడ్డాడు. ఇక్కడా అదే నల్ల మార్కర్. పేరు, ఊరు, మండలం, జిల్లా, ఫోన్ నంబరు.

పేరు వీరేందర్‌ది, లోపల ఉన్నదీ వీరేందరే.