రెండూ ఎడమ చేతులే

"చొక్కాకి మళ్లీ రెండూ ఎడమ చేతులే కత్తిరించావు! బుద్ధి గడ్డి తింటోందా అక్కా?" కుట్టుమిషను మీద గుడ్డముక్కలు విసిరికొట్టింది చెల్లెలు.

"అరవకే! అసలే తల దిమ్ముగా ఉంది," అంటూ అక్క కసిరింది.

"నిన్న కొలతలు మర్చిపోయావు. మొన్న బట్టలు కుట్టించుకోడానికొచ్చినాయన మీద విరుచుకుపడ్డావు. డాక్టరమ్మేమో జబ్బేమీ లేదంటుంది! తిండి సరిగా లేకపోతే మతిమరుపూ చిరాకూ వస్తాయట. ఏళ్ల తరబడి ఏం తింటున్నావో కనుక్కోమంది. నీకేం తక్కువ చేశాం?"

అక్క టీలో బిస్కట్టు ముంచుకుంది.

"అన్నం తినలేదా?"

"ఇదే."

"రోజూనా?"

"కొట్టు పెట్టినప్పట్నుంచీ. మధ్యాహ్నం మూయొద్దని నువ్వేగా అన్నావు? నువ్వు భోంచేసి, నడుం వాల్చి వచ్చేసరికి సాయంత్రం బేరాలు మొదలు. నేనెప్పుడెళ్లను?"

ఇంట్లో తినొచ్చిన చెల్లెలి వేళ్లకు కూర వాసన ఇంకా పోలేదు.

"నా చొక్కా అయిందామ్మా?" గుమ్మంలోంచి ఎవరో కేకేశారు.

"రేపు రండి." చెల్లెలు విసురుగా షట్టరు దించింది. "లే అక్కా. ఇంటికెళ్లి ముందు అన్నం తిందువుగాని."

అక్క కదల్లేదు. "ఈ వేళకి ఆకలేస్తుందన్న సంగతే మర్చిపోయానే," అంది.