బోర్డు లేని జీపు

జీపు మళ్ళీ వచ్చిందన్న సంగతి అక్కయమ్మకు మల్బరీ తోటలో తెలిసింది. దారిలో చూసొచ్చిన పుట్టమ్మ, గడ్డి మోపు గట్టు మీద పడేసి మరీ చెప్పింది.

"మీ ఇంటి ముందరే నిలిచిండాదక్కా. అదే మేడమ్ దిగతాండాది."

అక్కయమ్మ ఆకు కోయడం ఆపలేదు. బుట్ట నిండగానే ఇంటి దారి పట్టింది.

ఆ జీపుకి ఆఫీసు పేరున్న బోర్డు లేదు. బాధితురాలి వివరాలు బయటికి పొక్కకూడదని చట్టం ఉంది కాబట్టి, చిక్కబళ్ళాపురలోని మహిళా సహాయ కేంద్రం వాళ్ళు బోర్డు తీయించి పంపిస్తారు. ఊరంతా పొలాల్లో ఉండే వేళ చూసుకుని మరీ పంపిస్తారు. కానీ డ్రైవర్ అమరేష్‌ది పక్కనే ఉన్న దిబ్బూరహళ్ళి. అతను ఏ ఆఫీసు బండి నడుపుతాడో చుట్టుపక్కల అందరికీ తెలుసు. బోర్డు తీసినవాళ్ళు అతని మొహం తీయలేకపోయారు.

టీ అంగట్లో ఎంత గుచ్చి గుచ్చి అడిగినా అమరేష్ నోరు విప్పడు. మంచివాడు. ఆ మౌనంతోనే ఊరికి అనుమానం తీరిపోయింది.

పేపర్లో కూడా బాధితురాలి పేరు రాలేదు. చింతామణి నుంచి సాయంత్రం బస్సు దిగి నడిచొస్తున్న ఒక యువతి మీద అఘాయిత్యం జరిగిందని, నిందితుణ్ణి పట్టుకున్నారని నాలుగు లైన్లు వేసి ఊరుకున్నారు. మిగతాది ఊరు చూసుకుంది. అక్కయమ్మ కూతురు మంజుశ్రీ కుట్టుపని నేర్చుకోవడానికి రోజూ చింతామణి వెళ్ళి ఆ బస్సుకే వచ్చేది. ఇప్పుడు మానేసి, ఇంట్లో పట్టుపురుగులు చూసుకుంటోంది.

అక్కయమ్మ ఇంటికి చేరేసరికి పురుగుల గది తలుపు మూసి ఉంది. ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. బయటి మనిషి కాలు పెడితే పురుగులకు రోగం తగులుతుంది. మంజుశ్రీ లోపల ఆకు వేస్తోంది.

"మేడమ్ ఏమడిగిందే?"

"ఎవురూ రాలేదమ్మా."

"నా దగ్గర దాస్తావా?"

"దాసేదానికి ఏముండాది? నాకేం కాలేదు."

జీపు వచ్చిన ప్రతిసారీ ఇదే మాట. అక్కయమ్మకు కోపం రాలేదు. ఇలాంటి పిల్లలు ముందు ఒప్పుకోరని, ఓపిగ్గా అడగాలని టీవీలో ఒక డాక్టరమ్మ చెప్పగా ఆమె విన్నది. నోరు తెరిస్తే చాలు, ఆ మేడమ్ లాయరును పెడుతుంది, ధైర్యం చెబుతుంది, పిల్ల మళ్ళీ మనిషవుతుంది. అక్కయమ్మ ఆశంతా అదే.

ఊరు మాత్రం చెడ్డదేం కాదు. ఎవరూ మంజుశ్రీని పల్లెత్తు మాట అనలేదు. పాల డెయిరీ దగ్గర ఆమె క్యాను పట్టుకుని కనిపిస్తే వరుసలో అందరూ పక్కకు జరిగేవాళ్ళు. "నువ్వు ముందు పోసి పోమ్మా" అనేవాళ్ళు. ఆమె వెనక్కి తిరగగానే గొంతులు తగ్గేవి. ఆ దయ భరించలేక డెయిరీకి వెళ్ళడం కూడా మానుకుంది.

మంజుశ్రీకి కుదిరిన గుడిబండె సంబంధం వాళ్ళూ మర్యాదస్తులే. శ్రావణంలో పెళ్ళి అనుకున్నవాళ్ళు, కొన్నాళ్ళు పోనిద్దాం అని కబురు పంపారు. పెళ్ళికొడుకు కిశోర్ మాత్రం ఫోన్ చేశాడు.

"ఏం జరిగిందో చెప్పు మంజూ. నేనేం అనుకోను."

"ఏం జరగలేదు."

"నా మీద ఈమాత్రం నమ్మకం లేకుంటే రేపు సంసారం ఎట్లా చేస్తాము?"

ఆ తర్వాత అతని ఫోన్ రాలేదు.

అక్కయమ్మ అన్నం మానేసింది. ఊరికే బెదిరించడం కాదు, నిజంగానే మానేసింది. ఒక మధ్యాహ్నం ఆకు బుట్ట ఎత్తబోయి పురుగుల తట్టల మధ్య కూలబడింది. మంజుశ్రీ ఆమె మొహం మీద నీళ్ళు చల్లి, సంగటి కలిపి నోటి దగ్గర పెట్టింది.

"తినమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నువ్వు చెప్పినంకనే తింటా. అమ్మకు చెప్పుకోకుంటే ఇంక యాడ చెప్పుకుంటావు?"

మంజుశ్రీ గోడకు ఆనుకుని కూర్చుంది. ముద్ద చేతిలోనే ఉంది. తట్టల్లో పురుగులు ఆకు కొరుకుతున్నాయి. తల వంచుకునే చెప్పింది.

"అవునమ్మా. అయింది."

"ఆ పేపర్లో వచ్చినోడేనా?"

"వాడే. తిను."

అక్కయమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే తింది. అన్నాళ్ళకు గుండె మీద బరువు కాస్త దిగినట్టనిపించి, ఆ రోజు ఆమెకు నిద్ర పట్టింది.

మళ్ళీ జీపు వచ్చేదాకా ఆమె తోటకు పోలేదు. రోజూ తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని వాకిట్లో కాచుకుని కూర్చునేది. ఒకనాడు జీపు వచ్చి ఆగింది. ప్రతిమ మేడమ్ భుజాన సంచితో దిగింది. అక్కయమ్మ ఎదురెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మేడమ్, నా బిడ్డ ఇన్నాళ్ళకు ఒప్పుకునింది. అంతా నాతో చెప్పింది. ఇంక మీరే దాన్ని నిలబెట్టల్ల. రాండి, లోపలుండాది."

ప్రతిమ ఏమీ అర్థం కానట్టు ఆమెనూ, ఆ ఇంటినీ మార్చి మార్చి చూసింది. అటూ ఇటూ చూసి గొంతు బాగా తగ్గించింది.

"మీరెవరో నాకు తెలీదమ్మా, మేము పోయే ఇల్లు ఏదో ఊర్లో ఎవరికీ తెలీకూడదని జీపు ఈడ నిలిపి, వెనక సందులో నడిచి పోతాండాము, అంతే."