ఖాళీ డిస్కులు

"సెకండ్ హ్యాండ్‌ది తీసుకోకండి. అందులో పోతే మళ్ళీ రావు."

భానుచందర్ చిరాగ్గా తలతిప్పి చూశాడు.

కౌంటర్ పక్కన స్టూలు మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. మాసిన గడ్డం, లోతుకుపోయిన కళ్ళు, ఒంటిమీద వేలాడుతున్న చొక్కా. షాపు తాలూకు మనిషి కాబోలు అనుకున్నాడు.

భానుచందర్‌కి ఉయ్యూరులో పెళ్ళి వీడియోల స్టూడియో ఉంది. ముహూర్తాలు ముంచుకొస్తున్నాయి, ఉన్న హార్డ్ డిస్కులన్నీ నిండిపోయాయి. పాత పెళ్ళిళ్ళన్నీ ఒక పెద్ద డిస్కులోకి ఎక్కించేసి, మిగతావి ఖాళీ చేసుకుని కొత్త పెళ్ళిళ్ళకు వాడుకుందామని విజయవాడ వచ్చాడు.

షాపు యజమాని జాన్ పాల్ రెండు రకాలు చూపించాడు. ఒకటి సీలు విప్పని కొత్తది. రెండోది ఎక్కడో సీసీ కెమెరాల మిషన్లోంచి ఊడదీసింది. సైజు పెద్దది, ధర సగం.

"ఇదెన్నాళ్ళు పనిచేస్తుంది?"

"అది మన చేతుల్లో ఏముంది సార్? గ్యారంటీ కావాలంటే కొత్తది తీసుకోండి" అన్నాడు జాన్ పాల్.

స్టూలు మీది మనిషి లేచి దగ్గరకొచ్చాడు.

"చిన్నవైనా సరే, కొత్తవి రెండు కొనండి. అవే వీడియోలు రెండింట్లోనూ పెట్టి, ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో ఉంచండి. ఒకటి పోయినా ఒకటి ఉంటుంది."

"ఒకటి చాలనుకుంటుంటే రెండు అంటగడతావేంటయ్యా? నీకెంత కమీషన్?"

అతని ముఖం చిన్నబోయింది.

"కమీషన్ కాదండీ. కొందరికి ఆ వీడియోలే..."

"ఒకసారి వీడియో ఇచ్చేశాక, పాతవి అడగడానికి ఎవడొస్తాడు?"

"ఒక్క మాట అడగాలండీ మిమ్మల్ని..."

"నాకు టైం లేదు. నీ పని నువ్వు చూసుకో."

భానుచందర్ సీసీ కెమెరాల డిస్కే కొనుక్కుని బస్సెక్కాడు.

అనుకున్నట్టే పాత పెళ్ళిళ్ళన్నీ అందులోకి ఎక్కించాడు. మిగతా డిస్కులు తుడిచేశాడు. వాటిలో కొత్త పెళ్ళిళ్ళు నిండాయి.

ఆషాఢం వచ్చి చేతిలో పని తగ్గింది. కొత్త పెళ్ళివారికి చూపించడానికి పాత పెళ్ళిళ్ళలోంచి మంచి ముక్కలు ఏరుదామని ఆ డిస్కు తగిలించాడు.

లోపల టక్ టక్‌మని చప్పుడు. స్క్రీన్ మీద ఏమీ రాలేదు.

విజయవాడ పరిగెత్తాడు. జాన్ పాల్ దాన్ని హైదరాబాదు పంపించాడు. అక్కడినుంచి ఒకటే కబురు. లోపల రేకులు గీసుకుపోయాయి, ఇక ఏమీ రాదు.

భానుచందర్‌కి రెండు రోజులు అన్నం సహించలేదు. తను కెమెరా పట్టిన కొత్తలో తీసిన పెళ్ళిళ్ళు కూడా అందులోనే ఉన్నాయి.

ఆ వారంలోనే, ఒక ముసురు పట్టిన మధ్యాహ్నం, ఆ గడ్డం మనిషి స్టూడియో మెట్లెక్కి వచ్చాడు. తడవకుండా పొట్టకు హత్తుకున్న కవర్లోంచి రెండు కొత్త హార్డ్ డిస్కులు తీసి బల్లమీద పెట్టాడు.

అమ్ముకోవడానికి ఊరు వెతుక్కుంటూ వచ్చాడనుకున్నాడు భానుచందర్. ఈసారి కోపం రాలేదు. కుర్చీ లాగి వేశాడు.

"కూర్చోండి. ఆ రోజు మిమ్మల్ని అనరాని మాట అన్నాను. మీరు చెప్పినట్టే అయిందండీ. డిస్కు పోయింది."

అతను కూర్చోలేదు.

"అందులోవి?"

"అన్నీ పోయాయి."

"పాతవి కూడానా అండీ?"

"పాతవే అందులో పెట్టాను."

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. బయట చూరు నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"ఈ రెండూ నేనే తీసుకుంటాను. ఎంతకిస్తారు?" అన్నాడు భానుచందర్.

"అమ్మడానికి తేలేదండీ. ఎక్కించి ఇస్తే ఒకటి నా దగ్గర, ఒకటి మీ దగ్గర ఉంచుదామని తెచ్చాను. ఇంక నాకెందుకు? మీరే ఉంచుకోండి. ఇక మీదట తీసే పెళ్ళిళ్ళయినా రెండు చోట్ల దాచండి."

అతను గుమ్మం వైపు కదిలాడు. భానుచందర్ గబుక్కున అడ్డం వెళ్ళాడు.

"అసలు మీరెవరండీ? ఏం ఎక్కించమని వచ్చారు?"

"బుడమేరు వరదలో మా ఇల్లు మునిగిందండీ. పెన్‌డ్రైవ్, ల్యాప్‌టాప్, అన్నీ బురదైపోయాయి. అందులోవి ఏమైనా బయటికొస్తాయేమోనని ఆ షాపు చుట్టూ తిరిగాను. రావన్నారు. ఆ రోజు అక్కడ మిమ్మల్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది."

"మరి అప్పుడే అడగకపోయారా?"

"అడగబోయాను. మీరు తొందరలో ఉన్నారు. తర్వాత రావాలన్నా మొహం చెల్లలేదు."

భానుచందర్ అతని భుజం పట్టి కుర్చీ వైపు నడిపించాడు.

"మా ఆవిడ పాపను కని, ఆసుపత్రిలోనే కన్నుమూసిందండీ. అమ్మ గొంతు ఎలా ఉంటుంది నాన్నా అని పాప ఇప్పుడు అడుగుతోంది. మీరు తీసిన వీడియోలో ఒకచోట గలగలా మాట్లాడుతుంది. అదొక్కటి వినిపిద్దామనుకున్నాను."

"మీ ఆవిడ పేరు?"

"రుచిత."

అప్పుడు కనిపించింది భానుచందర్‌కి ఆ మాసిన గడ్డం వెనక, "కాస్త నవ్వండి సార్" అని మండపంలో తను ఎంత బతిమాలినా సిగ్గుపడి, చివరికి పక్కనున్న రుచిత ఏదో అంటే పగలబడి నవ్విన ఆ పెళ్ళికొడుకు ముఖం.