ఉన్నదున్నట్టు

"ఒక్క నిమిషం ఆగు బిడ్డా. గీ ఉత్తరం చదివి పో" అంటూ వెంకటమ్మ స్కూటరుకు అడ్డం వచ్చింది.

సదానందం కాలు కింద పెట్టాడు. ఆ రోజు గనిలో డ్యూటీకి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చంద్రపూర్ విద్యాశాఖ ఆఫీసుకు బయల్దేరాడు. మహారాష్ట్రలోని ఆ గని కాలనీ బడికి తెలుగు టీచరు కావాలన్న అర్జీ సంచిలో ఉంది. అది ఏడో అర్జీ. మరాఠీలో అర్జీ రాయాలన్నా, ఆఫీసర్ల ముందు నిలబడి మాట్లాడాలన్నా కాలనీలో ఆయన తర్వాతే ఎవరైనా. అందుకే పాత ప్రెసిడెంటు లక్ష్మయ్య ఈమధ్య రిటైరై సొంతూరికి వెళ్ళిపోగానే తెలుగు సంఘానికి ఆయన్ని ప్రెసిడెంటును చేశారు.

"ఇన్నేండ్లు లక్ష్మయ్య చదివెటోడు. ఇగ నువ్వే దిక్కు" అంది వెంకటమ్మ.

ఆమె అక్క సత్తమ్మ మంచిర్యాల దగ్గర పల్లెలో ఉంటుంది. చెవులు పూర్తిగా పోయాయి కాబట్టి ఫోన్లో మాట్లాడడం కుదరదు. యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుని, ఏడాదికి రెండుసార్లు చెల్లెలికి తానే ఉత్తరం రాస్తుంది.

సదానందం కాగితం విప్పాడు. రెండు వైపులా నిండా రాసి ఉంది. పైనుంచి కిందికి చూశాడు. వెనక్కి తిప్పాడు. ముఖం వాడిపోయింది. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

"ఎప్పటిలెక్కనే ఉన్నరా అందరు?" అంది వెంకటమ్మ ఆశగా.

"ఆఁ... అందరు మంచిగున్నరట పెద్దమ్మా."

"గింత పెద్దగ రాసింది, గంతేనా?"

"వానల ముచ్చట, పత్తి ముచ్చట. దసరా అయినంక తనే వస్తదట."

వెంకటమ్మ మురిసిపోయి ఉత్తరాన్ని కొంగున ముడేసుకుంది. గడపలో నిలబడ్డ రమ మొగుడి ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది.

మధ్యాహ్నం ఆయన ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"సారు లేడట. సోమవారం రమ్మన్నరు."

రమ అన్నం వడ్డిస్తూ అంది. "టీచర్ను ఇచ్చుడు వాళ్ళ చేతుల ఉన్నది. దానెంబడి ఆరేండ్ల సంది తిరుగుతున్నవు. మన చేతుల ఉన్నది మనం చేద్దాం. పిల్లకు రోజుకో గంట నువ్వే చెప్పరాదు?"

"హో బాపూ, ఒక్క గంట" అంది కూతురు ప్రజ్ఞ. "నా పేరు రాసుకునుడన్న వస్తది."

"నేను తిరిగేది ఒక్క పిల్ల కోసమా? నూట ఇరవై మంది పిల్లలున్నరు కాలనీల!" అని కసిరాడు సదానందం.

ప్రజ్ఞ కంచం తీసుకుని వెళ్ళిపోయింది. రమ గొంతు తగ్గించింది.

"సత్తమ్మక్క ఏం రాసింది? పొద్దుగాల నీ మొఖం గట్లెందుకైంది?"

"అడుగకు" అన్నాడు.

పదహారో రోజున వెంకటమ్మకు ఫోన్ వచ్చింది. చేసింది సత్తమ్మ కొడుకు వెంకన్న. కడుపులో గడ్డ పగిలి తల్లి చనిపోయిందని చెప్పి ఏడ్చాడు. "దవాఖానల మూడు దినాలు వాకిలి దిక్కే చూసింది చిన్నమ్మా. ఫోన్ చేస్తమని సైగ చేస్తే వద్దన్నది. 'పానం మంచిగ లేదు, ఒక్కసారి వచ్చిపో అని చెల్లెకు రాసిన, వస్తది' అన్నది. ఎందుకు రాలేదు నువ్వు?"

వెంకటమ్మ బల్లార్షాలో రైలెక్కింది. ఆమె చేరేసరికి అంతా అయిపోయింది.

కాలనీ రెండు ముక్కలైంది. "ముసలామె ఆగమైతదని దాచిండు. ఆయనది మెత్తటి మనసు" అన్నాడు రామకిషన్. "రెండు గంటల రైలు! చెప్పి ఉంటే ఆఖరు సూపన్న దక్కేది" అంది గిరిజ. రెండు మాటలూ సదానందం చెవిన పడ్డాయి. డ్యూటీకి వెనక సందులోంచి వెళ్తున్నాడు. పళ్ళెంలో అన్నం అలాగే వదిలేస్తున్నాడు. సోమవారాలు రెండు గడిచినా ఆఫీసు ముఖం చూడలేదు.

దినాలు చేసి వచ్చిన వెంకటమ్మ ఆదివారం సంఘం మీటింగు జరుగుతుండగా హాల్లోకి వచ్చింది. సదానందం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండనుకున్నాడు.

ఆమె దగ్గరికి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నీ మీద నాకు కోపం లేదు బిడ్డా. నాకు దుఃఖమైతదనే గద చెప్పకపోతివి. కన్నకొడుకైనా గింత ఆలోచన చెయ్యడు."

రామకిషన్ తల ఊపాడు. వెనక వరుసలో రమ, ప్రజ్ఞ ఆయన్నే చూస్తున్నారు. సదానందం తల ఎత్తలేకపోయాడు. ఆ చెయ్యి విడిపించుకోవాలని ఉంది.

వెంకటమ్మ కొంగుముడి విప్పి ఉత్తరం ఆయన చేతిలో పెట్టింది.

"ఇప్పుడు దాచెటందుకు ఏమున్నది? అక్క మాటలు ఇగ నాకు గివే మిగిలినయి. ఒక్క ముక్క వదిలిపెట్టకుండ, ఉన్నదున్నట్టు చదువు."

ఏదో ఒకటి చెప్పి ఆమెను ఓదార్చి పంపడం ఆయనకు కష్టం కాదు. అక్క చెల్లెల్ని తలుచుకుందంటే ఎవరు కాదంటారు? ఆమె కన్నీళ్ళు తుడుచుకుని, దండం పెట్టి వెళ్తుంది. సోమవారం తను మళ్ళీ ఇస్త్రీ చొక్కా తొడుక్కోవచ్చు.

ఆయన కాగితం వంక చాలాసేపు చూశాడు. గుండ్రంగా, వంకరగా, గట్టిగా ఒత్తి రాసిన అక్షరాలు. ప్రజ్ఞ కూర్చున్న వైపు ఒకసారి చూసి, ఉత్తరాన్ని మడిచి రెండు చేతులతో వెంకటమ్మకు తిరిగి ఇచ్చాడు.

"పెద్దమ్మా, నాకు తెలుగు చదువ రాదు."