గీత పక్కన కుర్చీ

"రేపటి నుంచి నువ్వు మధ్యలో వద్దమ్మా, ఎడమ గీత వెంబడి ఆడు. నీ పరుగుకి అక్కడే చోటు ఎక్కువ," అన్నాను, బూట్ల లేసులు కట్టుకుంటున్న పిల్లతో.

మా ఫుట్‌బాల్ జట్టులో గోల్స్ కొట్టేది తనే. మొహం మాడిపోయింది. "నేనేం తప్పు చేశాను సార్?"

"తప్పేం లేదు. నా మాట విను."

ఇంకేం చెప్పను? ముందురోజే వాళ్ళ నాన్న వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "చూపు పోతోంది సార్. నాలుగడుగులు దాటితే అంతా మసకే. ఒక్కసారి దాని ఆట దగ్గర్నుంచి చూడాలనుంది. దానికి మాత్రం చెప్పకండి, బెంగపెట్టుకుంటుంది."

మ్యాచ్ రోజు ఆయన్ని ఎడమ గీత పక్కనే కుర్చీలో కూర్చోబెట్టాను. పిల్ల ఆయన్ని రాసుకుంటూ పరుగెత్తింది.

సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారాయి. ఇక తను ఆడాల్సింది మైదానం అవతలి గీత వెంబడి. ఇన్నేళ్ళుగా ఆట నేర్పుతున్న నాకు ఆ సంగతే తట్టలేదు.

పిల్ల నీళ్ళు కూడా తాగలేదు. ఒక చేత్తో కుర్చీ, ఇంకో చేత్తో నాన్న చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడ ఎండగా ఉంది నాన్నా, అటు పోదాం పద."

"అవునమ్మా, మాడిపోతోంది," అంటూ లేచాడు ఆయన.

పొద్దుట్నుంచీ ఆకాశం నిండా మబ్బే.