ఎనిమిదో బొమ్మ

"బ్యాగు దించు" అన్నాడు కానిస్టేబుల్.

రూప్లా దించాడు. భద్రాచలం నుంచి ఖమ్మం పోయే బస్సును అడవి మధ్య చెక్‌పోస్టు దగ్గర ఆపారు. కల్వర్టు కింద మందుపాతర దొరికి వారం కాలేదు. ప్రయాణికులంతా దిగి రోడ్డు వారన నిలబడ్డారు. ఆడవాళ్ల వరుసలోంచి రూప్లా భార్య లాలి అతన్నే చూస్తోంది.

కానిస్టేబుల్ తువ్వాలు, టిఫిన్ డబ్బా, రాములవారి ప్రసాదం పొట్లం తీసి కింద పెట్టాడు. అడుగున దారంతో కట్టిన రెండు అట్టలు తగిలాయి. దారం తెంపాడు. అట్టల మధ్య ఒక బొమ్మ ఉంది. సన్నటి మనిషి ఒకడు పోలీసు నెత్తిన పిండి బకెట్ బోర్లిస్తున్నాడు.

"సార్! ఎవడో పోలీసాయన నెత్తిన పిండి పోస్తుండు!" అని కేకేశాడు.

డేరాలోంచి టీ గ్లాసుతో ఎస్సై వచ్చాడు. బొమ్మ చూడగానే గ్లాసును జీపు బానెట్ మీద పెట్టాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, బొమ్మను అంచులు పట్టుకుని అందుకున్నాడు.

"దాని మీద వేళ్లు పెట్టకు. ముద్రలు పడ్తయ్" అని కానిస్టేబుల్‌ను కసిరాడు.

వేలిముద్రలంటే కేసు కోసమేనని రూప్లా అనుకున్నాడు.

"ఏందిది?" అన్నాడు ఎస్సై.

"లాబీ కార్డు సార్. సినిమా హాళ్ల అద్దాల పెట్టెల పెడ్తరు గద, ఆ బొమ్మ. పాతకాలం మూకీ సినిమాది. నవ్వులాట సినిమా."

"యాడ దొరికింది?"

"భద్రాచలంల సుశీలమ్మగారని ఉన్నది సార్. వాళ్ల మామ డేరా సినిమా ఆడించెటోడంట. ఆయన పెట్టెల ఉన్నది. ఇంకెవరో గూడ ఫోన్ చేసి అడిగిండ్రట. నేను ముందు పోయిన."

ఎస్సై బొమ్మ మీంచి చూపు తీసి రూప్లాను ఎగాదిగా చూశాడు.

"నువ్వేం జేస్తవ్?"

"ఆర్టీసీ డిపోల క్లర్కును సార్."

"క్లర్కుకు ఈ బొమ్మలెందుకు?"

"జమ చేస్త సార్. ఒక్కో సినిమాకు ఎనిమిది ఉంటయ్. ఈ సినిమావి నా దగ్గర ఏడున్నయ్. ఎనిమిదోది యాడ దొరకది. పదేండ్ల సంది తిరుగుతున్న."

"మాటల్లేని సినిమా అంట సార్" అన్నాడు కానిస్టేబుల్. "పెండ్లాం పోరు పడలేక జూస్తుండు."

"నీ మాటలినే నీ పెండ్లానికి దండం పెట్టాలె తమ్మీ" అంది లాలి వరుసలోంచి.

ఎవరో నవ్వారు. ఎస్సై తలెత్తేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. అతను రెండడుగులు వేసి బొమ్మను జీపు నీడలోకి తీసుకుపోయాడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. వెనక్కి వచ్చాడు.

"ఇగ చూడు. పోలీసును గిట్ల జేసే బొమ్మ ఈ రోడ్డు మీద తిరుగుడు మంచిది కాదు. ఈడనే చింపేస్తవా, నాకిచ్చి పోతవా? ఇచ్చినవంటే కేసు లేదు, రాత లేదు. బస్సెక్కి పో."

అని బొమ్మను రూప్లా చేతుల్లో పెట్టాడు.

"పదేండ్లు తిరిగినోనివి. చింపవు లే" అన్నాడు.

లాలి వరుస దాటి వచ్చి భర్త పక్కన నిలబడింది.

"ధన్‌సింగన్న టార్చిలైటు యాదున్నదా?" అంది మెల్లగా.

ఎందుకు లేదు? వాళ్ల తండాలో అందరికీ యాదే. ధన్‌సింగ్ ఇలాంటి చోటే టార్చిలైటు ఇచ్చి వచ్చాడు. అప్పుడూ కేసు లేదు, రాత లేదు అన్నారు. మరుసటేడు అడవిలో దొరికిన నక్సలైట్ల సామాన్లని పోలీసులు చూపినవాటిలో ఆ టార్చి తేలింది. ధన్‌సింగ్ ఇంకా కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. ఆనాటి నుంచి తండావాళ్లు చెక్‌పోస్టులో బీడీ ముక్క కూడా మరిచిపోరు.

డ్రైవర్ హారన్ కొట్టాడు. రూప్లా బొమ్మను చూశాడు. నాలుగు మూలలా గుండుసూది గుచ్చిన బెజ్జాలున్నాయి. ఏనాడో ఏ డేరా ముందో ఎవరో గుచ్చినవి.

"ఇయ్యరాదూ" అన్నాడు ఎస్సై. అతని గొంతు తగ్గింది. చెయ్యి చాచాడు.

ఆ గొంతు తగ్గడమే రూప్లాను ఇంకా భయపెట్టింది.

చింపాడు. పాత అట్ట, ఒక్క గుంజుకే చీలింది. రెండు ముక్కలూ కలిపి మళ్లీ చింపాడు.

"ఆగు!" అని అరిచాడు ఎస్సై.

అప్పటికే ముక్కలు రోడ్డు మీద పడ్డాయి.

"చింపిన సార్. మీ దగ్గర ఏం ఇడిచిపెట్టలే. అందరు చూసిండ్రు" అన్నాడు రూప్లా. ఖాళీ చేతులు చాపి చూపించాడు.

ఎస్సై ముక్కల దగ్గరకు వచ్చాడు. టోపీ తీశాడు. మట్టిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముక్కలను అంచులు పట్టుకుని ఒక్కొక్కటే ఏరి టోపీలో పెట్టుకున్నాడు. కానిస్టేబుల్ సాయానికి వంగబోతే వద్దని చెయ్యి ఊపాడు.

బస్సు స్టార్టయింది. లాలి రూప్లా రెక్క పట్టి గుంజింది.

ఎస్సై తల ఎత్తకుండానే అన్నాడు:

"నా దగ్గర గూడ ఏడే ఉన్నయ్."